కిందికి దిగాలా, పైకి ఎక్కాలా?

2013 మే 31, శుక్రవారం సాయంత్రం. ఓక్లహోమా సిటీ జనానికి పదకొండు రోజుల నాటి వణుకు ఇంకా తగ్గలేదు. మే 20న పక్కనే ఉన్న మూర్ పట్టణం మీదుగా వెళ్లిన టోర్నడో 24 మందిని పొట్టన పెట్టుకుంది. వాళ్లలో ఏడుగురు ఒకే ప్రాథమిక పాఠశాల పిల్లలు. ఇప్పుడు పడమట ఎల్ రీనో వైపు నుంచి ఇంకొకటి వస్తోందని టీవీలు గంటల తరబడి చెబుతున్నాయి. దాని వెడల్పు నాలుగు కిలోమీటర్లు దాటింది. అంత వెడల్పైన టోర్నడోను అంతకు ముందు ఎవరూ కొలిచి ఎరగరు. నేల కిందికి వెళితేనే బతుకుతామన్నది ఆ ప్రాంతంలో పసిపిల్లలకు కూడా తెలిసిన మాట. కానీ అక్కడి ఇళ్లలో చాలావాటికి నేలమాళిగలు ఉండవు. కొందరు కార్లెక్కి దక్షిణానికి పరుగు తీశారు, హైవేలు కిక్కిరిసి ఆగిపోయాయి. ఇంకొందరు రోడ్ల కింద వాననీరు పోయే తూముల్లోకి దిగి దాక్కున్నారు.

టోర్నడో నగరం నడిబొడ్డుదాకా రాకముందే చెదిరిపోయింది. దాని వెనకాల వచ్చిన వాన మాత్రం ఆగలేదు. తూముల్లోకి నీళ్లు తన్నుకొచ్చాయి. ఆ సాయంత్రం, ఆ రాత్రి కలిపి టోర్నడో తీసిన ప్రాణాలు ఎనిమిదైతే, వరద తీసినవి పదమూడు.

తూముల్లోకి దిగినవాళ్లు తప్పు చేసినవాళ్లు కాదు. చెప్పిన మాట విన్నవాళ్లు. టోర్నడో వస్తుంటే కిందికి దిగాలి, వరద వస్తుంటే పైకి ఎక్కాలి. రెండూ ఒకే గంటలో వస్తే ఏం చేయాలన్నది ఎవరు చెప్పాలి? అమెరికాలో ఆ బాధ్యత ముందుగా పడేది నగర ప్రభుత్వం మీద. వాతావరణ శాఖ హెచ్చరిక జారీ చేస్తుంది, టీవీ దాన్ని వినిపిస్తుంది. సైరన్ మీట, అగ్నిమాపక బండి, పోలీసు, వాననీటి కాలువ, ఇంటి పర్మిట్ మాత్రం నగరం చేతిలోవి. గత నలభై ఏళ్లలో ఈ రెండు విపత్తులనూ చవిచూసిన అమెరికా నగరాల అనుభవాన్ని పక్కపక్కన పెట్టి చూస్తే, కిందికా పైకా అన్న పేచీ ఆ ఒక్క గంటతో తీరదని తెలుస్తుంది. హెచ్చరికలో మొదలైన ఈ ఎదురెదురు లక్షణం రక్షణలో, చెత్త ఎత్తడంలో, బీమాలో, చివరికి ఇల్లు తిరిగి ఎక్కడ కట్టాలన్న నిర్ణయంలో కూడా వెంటాడుతుంది. రెంటినీ ‘విపత్తు’ అనే ఒకే అట్ట ఉన్న ఫైల్లో పెట్టుకున్న ఊరు ఎక్కడో ఒకచోట బోల్తా పడుతుంది.

ముందు సైరన్ సంగతి. మిస్సోరీలోని జాప్లిన్ పట్టణంలో 2011 మే 22 సాయంత్రం 5 గంటల 11 నిమిషాలకు సైరన్లు మోగాయి. టోర్నడో నేలను తాకింది 5:34కి. 5:38కి సైరన్లు మళ్లీ మోగాయి. మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఇరవై ఏడు నిమిషాలు. ప్రాణం దక్కించుకోవడానికి చాలినంత సమయమే. అయినా 161 మంది చనిపోయారు. ఆ తర్వాత కేంద్ర ప్రమాణాల సంస్థ పరిశోధకులు బతికినవాళ్లను కూర్చోబెట్టి అడిగితే బయటపడింది ఇది: ఆ ఊళ్లో సైరన్ మోగడం కొత్త కాదు. మోగినప్పుడల్లా ఏమీ జరగలేదు. అందుకే చాలామంది సైరన్ విన్నాక బయటికొచ్చి ఆకాశం చూశారు, టీవీ పెట్టారు, చుట్టాలకు ఫోన్ చేశారు. అంటే సైరన్ విన్నవాళ్లు దాక్కోవడానికి కాదు, నిజమో కాదో తేల్చుకోవడానికి కదిలారు. ‘నాన్నా పులి’ కథ మనకు కొత్తదా?

అదే రాష్ట్రంలోని సెయింట్ లూయిస్‌లో జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు. 2025 మే 16 మధ్యాహ్నం గంటకు 152 మైళ్ల గాలితో టోర్నడో నగరంలోకి వచ్చింది. వాతావరణ శాఖ హెచ్చరిక ముందే ఇచ్చింది. జనం చేతుల్లో ఫోన్లు కీచుమన్నాయి. నగరం సైరన్లు మాత్రం నోరు మెదపలేదు. ఎందుకని అడిగితే వచ్చిన జవాబు వింటే మన తాలూకా ఆఫీసు గుర్తొస్తుంది. అత్యవసర నిర్వహణ విభాగం సిబ్బంది ఆ పూట కార్యాలయంలో లేరు, బయట ఒక వర్క్‌షాప్‌లో ఉన్నారు. సైరన్ మీట నొక్కే అధికారం వాళ్లకూ ఉంది, అగ్నిమాపక శాఖకూ ఉంది. ఇద్దరి మధ్య ఫోన్లో నడిచిన మాటల్లో ‘మీరే నొక్కండి’ అని ఎవరూ సూటిగా అనలేదు. ఇద్దరి చేతిలో ఉన్న పని ఎవరి చేతిలోనూ లేనట్టే. తర్వాత పరీక్షిస్తే అగ్నిమాపక శాఖ దగ్గరున్న మీట కూడా పనిచేయడం లేదని తేలింది. నగరంలో నలుగురు చనిపోయారు, ఐదు వేలకు పైగా కట్టడాలు దెబ్బతిన్నాయి. మేయర్ కారా స్పెన్సర్ అప్పటికి పదవిలోకి వచ్చి నెల. అత్యవసర విభాగం అధిపతిని సెలవులో పంపి, సైరన్ బాధ్యతను ఒక్క అగ్నిమాపక శాఖకే అప్పగిస్తూ ఆదేశం ఇచ్చారు. 1896లో ఇదే నగరంలోనూ, నది అవతలి ఈస్ట్ సెయింట్ లూయిస్‌లోనూ కలిపి టోర్నడో కనీసం 255 మంది ప్రాణాలు తీసింది. నూట ముప్పై ఏళ్ల అనుభవం ఉన్న ఊరికి మీట ఎవరిదో తేల్చుకోవడానికి ఇంకో టోర్నడో కావలసి వచ్చింది.

సైరన్ మోగి ఉంటే ఆ నలుగురూ బతికేవారని ఎవరూ చెప్పలేరు. సైరన్ బయట ఉన్నవాళ్ల కోసం పెట్టిందే తప్ప ఇంట్లో తలుపులు మూసుకుని పడుకున్నవాళ్ల కోసం కాదు. అర్ధరాత్రి దాటాక వచ్చే టోర్నడోకు ఫోనే దిక్కు. 2020 మార్చి 3న టెనెసీ రాష్ట్రంలోని నాష్‌విల్‌కు వచ్చింది అలాంటిదే. తెల్లవారితే అక్కడ పోలింగ్. కొన్ని పోలింగ్ కేంద్రాలు దెబ్బతిన్నాయి, ఓటర్లను వేరే కేంద్రాలకు పంపారు, ఎన్నిక ఆగలేదు.

ఇక వరదకు సైరన్ అలవాటు చాలా నగరాల్లో లేనే లేదు. అమెరికాలో వరద చావుల్లో సగానికి పైగా బండ్లలోనే జరుగుతాయని అక్కడి ఆరోగ్య సంస్థ లెక్క. రోడ్డు మీద నీళ్లు కనిపిస్తే వెనక్కి తిప్పమని ఎన్ని బోర్డులు పెట్టినా, ‘ఈ మాత్రం నీళ్లకేనా’ అనుకునే మనిషిని ఆపడం కష్టం. అడుగు లోతు నీళ్లు చిన్న కారును తేల్చేయగలవు. టోర్నడో కంటికి భయంకరంగా కనిపిస్తుంది కాబట్టి జనం పరుగెత్తుతారు. నీళ్లు మెల్లగా, నమ్మకంగా వస్తాయి కాబట్టి దిగుతారు.

గాలి పోయాక, నీళ్లు తీశాక నగరం చేసే పని కూడా ఒకటి కాదు. టోర్నడో దారి సన్నగా, పొడుగ్గా ఉంటుంది. సెయింట్ లూయిస్‌లో దాని దారి దాదాపు 23 మైళ్లు, వెడల్పు ఎక్కడా ఓ మైలు మించలేదు. ఒక వీధి మట్టిలో కలిసిపోతే నాలుగు వీధుల అవతల కాఫీ హోటలు తెరిచే ఉంటుంది. అంటే సాయం పక్కనే ఉంటుంది. నగరం చేయవలసింది రోడ్లకు అడ్డం పడ్డ చెట్లు, తీగలు తీయడం, గ్యాస్ ఆపడం, కూలిన ఇళ్లు ఒక్కొక్కటే వెతికి, వెతికిన ఇంటి గోడ మీద రంగుతో ఇంటూ గుర్తు వేయడం. ఆ గుర్తు చుట్టూ నాలుగు మూలల్లో ఏ జట్టు వచ్చింది, ఎప్పుడు వచ్చింది, లోపల ఏ ప్రమాదం ఉంది, ఎందరు దొరికారు అని రాస్తారు. అది చూసి ఇంకో జట్టు అదే ఇంట్లో సమయం వృథా చేయదు.

వరద అలా గీత గీసినట్టు రాదు. పైగా నగరానికి ప్రాణాధారమైన కట్టడాలు నీళ్లు వచ్చే దారిలోనే ఉంటాయి. నీటిశుద్ధి కేంద్రం నది ఒడ్డునే ఉండాలి, మురుగు శుద్ధి కేంద్రం ఊళ్లో అన్నిటికన్నా పల్లంలో ఉండాలి. 2010 మే 1, 2 తేదీల్లో నాష్‌విల్ విమానాశ్రయంలో 13.57 అంగుళాల వాన నమోదైంది. కంబర్లాండ్ నది 40 అడుగులకు వరద స్థాయి దాటుతుంది. మే 3న 51.86 అడుగులకు చేరింది. ఊరికి ఉన్న రెండు నీటిశుద్ధి కేంద్రాల్లో ఒకటి మునిగింది. రెండోది ఇసుక బస్తాల పుణ్యమా అని అంచు మీద నిలిచింది. అదీ పోయి ఉంటే ఆరు లక్షల జనం ఉన్న నగరానికి కొళాయిలో చుక్క ఉండేది కాదు. మేయర్ కార్ల్ డీన్ రోజూ మైకు ముందుకు వచ్చి నీటి వాడకం సగానికి తగ్గించమని అడిగారు. ఊరంతా నీళ్లలో ఉంటే నీళ్లు పొదుపు చేయమనడం వినడానికి వింతగా ఉంటుంది. కానీ ఆ వారంలో నగర పాలన చేసిన అతి ముఖ్యమైన పని అదేనని నా అంచనా. ఎందుకంటే ఆ ఒక్క కేంద్రం మీద ఒత్తిడి తగ్గకపోతే ఆసుపత్రులు, అగ్నిమాపక గొట్టాలు ఎండిపోయేవి. పడవల్లో మనుషుల్ని తెచ్చిన ఫొటోలే జనానికి గుర్తుండిపోయాయి. కొళాయి ఆగకపోవడాన్ని ఎవరు ఫొటో తీస్తారు?

నాష్‌విల్‌కు ఉన్న ఒక వీలు గురించి ఇక్కడే చెప్పాలి. 1963 నుంచి అక్కడ నగరం, జిల్లా రెండూ ఒకే ప్రభుత్వం. పోలీసు, నీళ్లు, రోడ్లు, ఆరోగ్యం, బడులు ఒకే గొడుగు కిందివి. సెయింట్ లూయిస్ సంగతి వేరు. 1876లోనే నగరం జిల్లా నుంచి విడిపోయింది, ఆ జిల్లాలో మళ్లీ డజన్ల కొద్దీ చిన్న పట్టణాలు, ఎవరి మేయర్ వాళ్లకి. గాలి ఆ సరిహద్దులు చూసి ఆగదు. అయినా ఎవరి సైరన్ వాళ్లది, ఎవరి చెత్త వాళ్లది.

చెత్త అన్నాను కదా, ఆ మాటకు అసలు పేరు శిథిలాలు. ఇక్కడే నగర ప్రభుత్వాల ఓపిక పరీక్షకు నిలుస్తుంది. జాప్లిన్‌లో ఎత్తవలసి వచ్చిన శిథిలాలు దాదాపు 30 లక్షల ఘనపు గజాలు. చెట్లు ఒక కుప్ప, ఇటుకలు కర్రలు ఒక కుప్ప, ఫ్రిజ్జులు ఒక కుప్ప, రంగుడబ్బాలు యాసిడ్ సీసాలు ఇంకో కుప్పగా వేరుచేసి ఇంటి ముందు రోడ్డు అంచున పెట్టమని నగరం చెబుతుంది. రోడ్డు అంచున ఉన్నదాన్నే నగరం బండ్లు ఎత్తుతాయి. ఇంటి పెరట్లో ఉన్నది సొంత ఆస్తి కింద లెక్క, దానికి కేంద్రం డబ్బు రావాలంటే ప్రత్యేక అనుమతులు కావాలి. వయసు మళ్లిన ఒంటరి మనిషి పెరట్లో కూలిన ఓక్ చెట్టును రోడ్డుదాకా లాగేదెవరు? స్వచ్ఛంద సేవకులు లేకపోతే ఈ నిబంధన దగ్గరే పని ఆగిపోతుంది.

ఆ సేవకుల కష్టానికి ఖాతా పుస్తకంలో కూడా విలువ ఉంది. 1988 నాటి స్టాఫర్డ్ చట్టం ప్రకారం అధ్యక్షుడు ‘పెద్ద విపత్తు’ అని ప్రకటిస్తే శిథిలాల ఖర్చులో కనీసం 75 శాతం కేంద్రం భరిస్తుంది. మిగతాది రాష్ట్రం, నగరం పంచుకోవాలి. సేవకులు పనిచేసిన గంటలను లెక్క రాసి పెట్టుకుంటే, ఆ శ్రమ విలువను నగరం వాటాగా చూపించవచ్చు. జాప్లిన్ ఆ లెక్కను పట్టుదలగా రాసింది. ఊరి బయట నుంచి వచ్చిన ప్రతి సేవకుడి పేరు, వచ్చిన వేళ, వెళ్లిన వేళ రాసుకున్న ఆ రిజిస్టరు వల్ల నగరానికి లక్షల డాలర్లు మిగిలాయి. సెయింట్ లూయిస్ టోర్నడో మే 16న వస్తే అధ్యక్షుడి ప్రకటన జూన్ 9న వచ్చింది. మధ్యలో ఇరవై నాలుగు రోజులు నగరం సొంత జేబు తడుముకుంది. ఫుట్‌బాల్ జట్టు ఊరు విడిచి వెళ్లినందుకు కోర్టు రాజీలో వచ్చిన సొమ్ములోంచి మూడు కోట్ల డాలర్లు తీసింది. రాష్ట్ర శాసనసభ ప్రత్యేక సమావేశం పెట్టి పది కోట్ల డాలర్లు ఇచ్చింది. నాష్‌విల్ 2020లో టోర్నడోకు తోడు కరోనా కూడా మీద పడి, ఆ ఏడాది ఆస్తిపన్నును 34 శాతం పెంచింది. మేయర్ జాన్ కూపర్‌కు అది చెడ్డపేరే తెచ్చింది. కానీ బండ్లకు డీజిలు కొనాలి గదా.

బీమా దగ్గరికి వస్తే గాలికీ నీటికీ మధ్య గోడ ఇంకా ఎత్తవుతుంది. మామూలు ఇంటి పాలసీ గాలి నష్టాన్ని ఇస్తుంది, వరద నష్టాన్ని ఇవ్వదు. వరదకు 1968లో పుట్టిన జాతీయ పథకం కింద వేరే పాలసీ తీసుకోవాలి. అందులో ఇంటికి గరిష్ఠంగా రెండున్నర లక్షల డాలర్లు, పాలసీ తీసుకున్న ముప్పై రోజులకు గానీ అమలు కాదు. తుఫాను టీవీలో కనిపించాక కొంటే లాభం లేదు. పైకప్పు లేచిపోయి లోపల వాన పడితే అది గాలి నష్టం. అదే వాన నేల మీద పారి గుమ్మంలోంచి వస్తే అది వరద. తడిసిన పరుపు ఒకటే, డబ్బిచ్చేవాడు వేరు. కత్రీనా తుఫాను తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచిన వాదం ఇదే.

సెయింట్ లూయిస్ ఉత్తర భాగంలో ఈ లెక్కలన్నీ ఇంకోలా తప్పాయి. అక్కడ ఎక్కువగా ఉండేది నల్లజాతి కుటుంబాలు. నూరేళ్ల నాటి ఎర్ర ఇటుక ఇళ్లు, చాలావాటికి బీమా లేదు. కొన్ని ఇళ్లు ఇంకా తాతల పేరు మీదే ఉన్నాయి, మనవళ్లు ఉంటున్నారు గానీ కాగితం లేదు. కాగితం లేనివాడికి కేంద్ర సాయం అందడం కష్టం. ఈ సంగతి మన ఊళ్లలో విపత్తు పరిహారం కోసం తిరిగిన ఎవరికైనా విడమరిచి చెప్పనక్కర్లేదు. నగరం ఇక్కడ చేయగలిగిన మేలు దుప్పట్లు పంచడం కంటే ఒక వకీలును ఆ వీధిలో కుర్చీ వేసి కూర్చోబెట్టడం.

తిరిగి కట్టడం దగ్గర గాలి ఒకటి చెబితే నీరు దానికి ఎదురు చెబుతుంది. టోర్నడో రేపు ఎక్కడ దిగుతుందో ఎవరికీ తెలియదు కాబట్టి ఊరు ఖాళీ చేయడంలో అర్థం లేదు. ఉన్నచోటే గట్టిగా కట్టుకోవాలి. మూర్ పట్టణం 1999లో, 2003లో, 2013లో దెబ్బ తిని, 2014లో గంటకు 135 మైళ్ల గాలికి నిలిచేలా ఇళ్లు కట్టాలని నిబంధన పెట్టింది. టోర్నడోను దృష్టిలో పెట్టుకుని ఇంటి నిర్మాణ నియమాలు రాసిన మొదటి అమెరికా నగరం అదే. ఆ నియమంలో గొప్ప యంత్రాలేమీ లేవు. పైకప్పును గోడకూ, గోడను పునాదికీ బిగించే ఇనుప పట్టీలు, బలమైన గ్యారేజీ తలుపు, అంతే. గ్యారేజీ తలుపు ఊడితే గాలి లోపల దూరి కప్పును పైకి లేపుతుంది. ఆ తలుపు నిలబడితే ఇల్లు నిలబడే అవకాశం పెరుగుతుంది. అతి పెద్ద టోర్నడోకు ఇదీ చాలదు. కానీ వచ్చేవాటిలో ఎక్కువ అంత పెద్దవి కావు, పెద్దది వచ్చినా దాని అంచుల్లో గాలి అంత ఉండదు.

వరద అలా కాదు. నిరుడు నీళ్లు వచ్చినచోటికే మళ్లీ వస్తాయి. అందుకే తెలివైన నగరం అక్కడ కట్టనివ్వదు. ముంపు ప్రాంతంలో ఇంటికి జరిగిన నష్టం దాని విలువలో సగం దాటితే, తిరిగి కట్టేటప్పుడు ఎత్తు పెంచి కట్టాలన్నది నియమం. ఆ ‘సగం’ దాటిందో లేదో తేల్చవలసినది నగరం ఇన్‌స్పెక్టరు. మోకాలి లోతు బురదలో నిలబడ్డ మనిషికి ‘మీ ఇల్లు 52 శాతం పోయింది, ఎత్తు పెంచకపోతే పర్మిట్ ఇవ్వం’ అని చెప్పాలి. 48 అని రాస్తే ఆ మనిషి సంతోషిస్తాడు, కార్పొరేటరు సంతోషిస్తాడు, పదేళ్ల తర్వాత అదే ఇంటికి మళ్లీ పడవ పంపాలి. విపత్తు పాలనలో నిజమైన ధైర్యం పడవ నడిపేవాడిది ఎంతో, ఆ కాగితం మీద 52 అని రాసేవాడిది కూడా అంతే.

ఈ విషయంలో ఓక్లహోమా రాష్ట్రంలోనే ఉన్న టల్సా నగరాన్ని పొగడక తప్పదు. 1984 మే 26 రాత్రి మొదలైన వాన కొన్నిచోట్ల 15 అంగుళాల దాకా పడింది. పద్నాలుగు మంది చనిపోయారు, దాదాపు 18 కోట్ల డాలర్ల నష్టం. మేయర్ టెర్రీ యంగ్ పదవిలోకి వచ్చి అప్పటికి పందొమ్మిది రోజులు. కుర్చీ ఇంకా వేడెక్కని మనిషి. కానీ పట్టణంలో ఇంజినీర్లు, ముంపు బాధితులు, పట్టుబట్టిన పౌరులు 1976 వరద నుంచే ప్రణాళికలు రాసి పెట్టుకుని ఉన్నారు. నీళ్లు తీయకముందే మునిగిన ప్రాంతాల్లో పర్మిట్లు ఆపేశారు. జనం చీపుర్లు పట్టుకుని తిరిగి ఇల్లు సర్దుకోకముందే ‘మీ ఇల్లు మేం కొంటాం’ అన్నారు. మూడు వందల ఇళ్లు కొని తీసేశారు. ఆ తర్వాత వాననీటి కోసం వేరే విభాగం పెట్టి, ప్రతి ఇంటి నెల బిల్లులో చిన్న రుసుము చేర్చారు. పన్నుల్లోంచి ఏటా అడుక్కునే పని తప్పింది. మొత్తం మీద దాదాపు వెయ్యి కట్టడాలు ముంపు దారిలోంచి తొలగించారు. మింగో వాగు పొడవునా తవ్విన నీటి గుంటలు వాన లేనప్పుడు ఆట మైదానాలు. వరద బీమా రాయితీకి కేంద్రం ఇచ్చే శ్రేణుల్లో అతి కొద్ది నగరాలకు దక్కిన మొదటి శ్రేణి టల్సాకు దక్కింది.

వరదను ఇంత బాగా చదువుకున్న ఈ ఊరే 2017 ఆగస్టు 6 అర్ధరాత్రి దాటాక టోర్నడో వచ్చి ఒక వీధి అంగళ్లను చీల్చేస్తే సైరన్ మోగించలేదు. వాతావరణ శాఖ హెచ్చరిక గాలి వచ్చాకే వచ్చింది, నగరం ఆ హెచ్చరిక కోసమే చూస్తూ కూర్చుంది. చాలామంది గాయపడ్డారు. 2023 జూన్‌లో గంటకు వంద మైళ్ల ఈదురుగాలికి రెండు లక్షలకు పైగా మీటర్లకు కరెంటు పోయి, కొన్ని ఇళ్లకు వారం దాకా రాలేదు. నీటికి బడిపంతులైన ఊరు గాలికి మళ్లీ ఒకటో తరగతిలో కూర్చుంది. దీన్ని టల్సా లోపంగా చెప్పడం లేదు. వాననీటి విభాగానికి సొంత రుసుము, సొంత ఇంజినీర్లు, నలభై ఏళ్ల పట్టుదల ఉన్నాయి. గాలికి అలాంటి ఆఫీసు ఏ నగరంలోనూ లేదు. ఉండదు కూడా. గాలికి కాలువ తవ్వలేం కదా.

మరి కొత్త ఊరు కడతామని ఆశ చూపినవాళ్ల సంగతి? జాప్లిన్ 2012లో టెక్సాస్‌కు చెందిన ఒక సంస్థను ఊరి పునర్నిర్మాణానికి పెద్ద మేస్త్రీగా పెట్టుకుంది. బొమ్మల్లో గొప్ప మార్కెట్లు, సినిమా హాళ్లు కనిపించాయి. 2015 జనవరికి ఆ సంస్థే చేతులెత్తేసింది. అదే ఊళ్లో బడుల అధికారి మాత్రం ఆగస్టు 17న తరగతులు మొదలవుతాయని టోర్నడో వచ్చిన కొద్ది రోజులకే మాట ఇచ్చాడు. మొదలయ్యాయి, కొన్ని ఒక పాత షాపింగ్ మాల్‌లో. నలభై గంటల చర్చ కంటే ఒక తేదీ ఎక్కువ పని చేయించింది.

తెలుగువాడు ఈ కథలు చదువుతున్నప్పుడు 2024 సెప్టెంబరు 1 విజయవాడ కళ్లముందుకు రాకుండా ఉండదు. బుడమేరు వాగు పొంగి సింగ్‌నగర్‌లోకి వచ్చినప్పుడు ముఖ్యమంత్రి కలెక్టరేట్‌లో మకాం వేశారు, డ్రోన్లతో పొట్లాలు వెళ్లాయి, అగ్నిమాపక బండ్లు ఇళ్లు కడిగాయి. నగర మేయర్ పేరు ఎందరికి గుర్తుంది? మన దగ్గర విపత్తు వేళ కలెక్టరే నగరం. దాంట్లో వేగం ఉంది, కాదనను. నీళ్లు తీశాక కాలువ గట్టు మీద పర్మిట్ ఇచ్చే మనిషి మాత్రం మున్సిపాలిటీలోనే ఉంటాడు, కలెక్టరు వెళ్లిపోయాక అతన్ని అడిగేవాళ్లు ఉండరు.

అయితే కిందికా పైకా అన్న చిక్కుముడిని మన తీరం ఒకసారి విప్పింది. 1977 నవంబరు 19న దివిసీమ మీద గాలీ ఉప్పెనా కలిసి వచ్చాయి. గాలికి గుడిసె ఆగదు, నీటికి నేల ఆగదు. వేల మంది పోయాక తీరం పొడవునా కట్టిన తుఫాను షెల్టర్లు చూడండి: గట్టి కాంక్రీటు గోడలు, కింద స్తంభాలు, పైన జనం. గాలికి గోడ, నీటికి ఎత్తు, రెండూ ఒకే కట్టడంలో. అమెరికా మధ్య రాష్ట్రాలకు ఆ వీలు లేదు. టోర్నడో గాలికి ఎత్తే శత్రువు. అక్కడ జనం ఆశ్రయం కోసం దిగేది కిందికే, నీళ్లు దిగేది కూడా కిందికే.

ఆ చిక్కులోనే టల్సా ఒక పని చేసింది. అక్కడ సైరన్లకు ఒకే గొంతు ఉండదు. ఆగకుండా ఒకే తీరున కూస్తే టోర్నడో అని, హెచ్చుతగ్గులుగా రెండు స్వరాల్లో కూస్తే వరద అని అర్థం. పరీక్ష మాత్రం ప్రతి బుధవారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు, ఆకాశం నిర్మలంగా ఉన్నప్పుడే. నిన్ననే గుంటూరు నుంచి వచ్చి అపార్ట్‌మెంట్‌లో దిగిన ఎమ్మెస్ కుర్రాడు ఆ కూత వినగానే ముందు ఇంటికి ఫోన్ చేస్తాడు. రెండు కూతల్లో ఏది ఏదో అతనికి చెప్పేది పై ఫ్లోర్‌లో ఆరేళ్లుగా ఉంటున్న ఇంకో తెలుగువాడే.